మజ్జిగ ఎక్కడైనా మజ్జిగే

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజున మనం నకారాగారిని తలుచుకోవటం ఆనవాయితీ. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఆయన కేసులో, పెన్షను అనేది సర్కారువారు దయతలచి వేసేది కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కరువు భత్యం బకాయిల సంగతి, హెల్త్ కార్డుల సంగతి కార్యదర్శిగారు ఎలాగూ చెబుతారు. నాకు మాత్రం "భోజనాల ముందు వినదగ్గది ఏదైనా చెప్పండి" అని పురమాయించారు. భోజనాల ముందు కనుక భోజనం గురించే చెబుతాను. అయితే మన భోజనం కాదు, టర్కీ దేశపు భోజనం.

నేను మార్కెటింగ్ శాఖలో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే 2007లో రిటైరయ్యాను. మధ్యలో ఎల్.డి.సి. అన్నది జూనియర్ అసిస్టెంటు అయింది, యు.డి.సి. అన్నది సీనియర్ అసిస్టెంటు అయింది. పేర్లు మారాయి గాని బల్ల మారలేదు, బల్లమీది ఫైళ్ళూ తరగలేదు. ఉద్యోగంలో ఉండగా ఎల్.టి.సి. మీద కాశీ, కన్యాకుమారి చూశాం. డెబ్బయ్యో ఏట విదేశం చూడటం మా అబ్బాయి పుణ్యం. వాడు జర్మనీలో స్టుట్‌గార్ట్ నగరంలో ఇంజనీరు. 1961లో పశ్చిమ జర్మనీ, టర్కీ ప్రభుత్వాలు కార్మికుల ఒప్పందం చేసుకున్నప్పటినుంచి ఆ ఊళ్ళలో టర్కీవాళ్ళు చాలామంది స్థిరపడ్డారు. మావాడి పక్కవాటాలోనూ ఒక టర్కీ కుటుంబమే. ఆ ఇల్లాలి తండ్రి అదానా అనే నగరంలో ప్రభుత్వ గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఆ అమ్మాయి సెలవులకు పుట్టింటికి వెళ్తూ "మా నాన్న కూడా మీలాంటివారే, మీరూ రండి" అని మా దంపతులను వెంటబెట్టుకొని తీసుకువెళ్ళింది. అలా 2019 అక్టోబరులో మూడు వారాలు ఇస్తాంబుల్, అదానా, గాజీఅంతెప్, ఉర్ఫా ఊళ్ళు చూశాం. మాటలన్నీ ఆ అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చి చెప్పేది.

టర్కీ పేరు చెబితే ఇప్పుడు కొందరికి కోపమని నాకు తెలుసు. 2025 మే నెలలో మనకూ పాకిస్తానుకూ ఘర్షణ జరిగినప్పుడు ఆ దేశం పాకిస్తాను వైపు మాట్లాడింది. మనవాళ్ళు చాలామంది అక్కడి ప్రయాణాలు రద్దు చేసుకున్నారు. ఆ లెక్క ప్రభుత్వాలు చూసుకుంటాయి. నేను చెప్పేది అంతకు ఆరేళ్ళ ముందు మాకు అన్నం పెట్టిన ఇళ్ళ గురించి. తిన్నచోటు సంగతి దాచిపెట్టటం మన ఇంటా వంటా లేదు.

అసలు ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానంటే, మన వయసువాళ్ళను పిల్లలు "రండి నాన్నా, చూసి వెళ్ళండి" అని పిలుస్తూ ఉంటారు. మనం వెనకాడతాం. డబ్బు పిల్లలు పెడతామంటారు. మోకాళ్ళకు చక్రాల కుర్చీ ఇస్తారు. మనల్ని ఆపేది నోరు. "అక్కడ తిండి ఏం తింటాం?" అన్న ఒక్క ప్రశ్న దగ్గర ఎందరి ప్రయాణాలో ఆగిపోయాయి. వెళ్ళినవాళ్ళు కూడా పెట్టెలో సగం ఆవకాయ, గోంగూర, కారప్పొడులు సర్దుకొని వెళ్ళి, అక్కడా అవే తిని, తిరిగి వచ్చి "ఆ దేశంలో తిండి ఏమీ బాగాలేదు" అంటారు. తిననిదే ఎలా తెలిసిందో ఆ భగవంతుడికే ఎరుక.

ఈ అలవాటు మనతో మొదలైంది కాదు. శ్రీనాథ మహాకవి అంతటివాడు మన పల్నాడు వచ్చి, ఇక్కడి జొన్నకూటిని, నీటి ఎద్దడిని ఎత్తిపొడిచాడని ఆయన పేరు మీద చాటువులు చెప్పుకుంటాం. చదువుకొని నవ్వుకుంటాం కూడా. కాని ఆ జొన్నకూడు తినే పల్నాటివాళ్ళు వీరులయ్యారు. ఇప్పుడు డాక్టర్లు మన చేత డబ్బిచ్చి కొనిపించి తినిపిస్తున్నదీ ఆ జొన్నే. కనుక శ్రీనాథుడి పద్యం నేర్చుకోవచ్చు గాని, ఆయన ప్రయాణపు పద్ధతి నేర్చుకోనక్కరలేదు.

మా ఆవిడ పూర్తి శాకాహారి, పైగా షుగరు. నేను అన్నీ తింటాను గాని బి.పి. ఉంది. కాబట్టి ఈ సభలో ఉన్న అన్ని రకాలవాళ్ళకూ మా ఇద్దరిలో ఎవరో ఒకరి అనుభవం సరిపోతుంది.

ముందు ఆ దేశంతో మన చుట్టరికం ఒక ముక్క. హైదరాబాదులో నీలోఫర్ ఆసుపత్రి తెలియని తెలుగు కుటుంబం ఉండదు. ఆ నీలోఫర్ టర్కీ రాజవంశపు ఆడపడుచు. 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో నిజాముగారి పెద్దకొడుకు ఆజం జాకు టర్కీ ఆఖరి ఖలీఫా కూతురు దుర్రెషెవార్‌నూ, రెండో కొడుకు మొఅజ్జం జాకు నీలోఫర్‌నూ ఇచ్చి పెళ్ళి చేశారు. అంటే వాళ్ళు మనకు వియ్యాలవారన్నమాట.

ఇక మాటల చుట్టరికం. ఇస్తాంబుల్‌లో మొదటి రోజు హోటల్లో తిని లేచాక ఆ అమ్మాయి సర్వరును పిలిచి "హెసాప్" అంది. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. హెసాప్ అంటే మన హిసాబే, బిల్లు. పుస్తకాన్ని దెఫ్తెర్ అంటారు. మన పాత రెవెన్యూ కచేరీల్లోని దఫ్తరమే అది. దుకాణం దుక్కాన్, మైదానం మెయ్‌దాన్, సబ్బు సాబూన్, పులావు పిలావ్, హల్వా హెల్వా, చక్కెర షెకెర్. అరబ్బీ, పారసీ మాటలు వాళ్ళ కచేరీల్లోకీ మన కచేరీల్లోకీ వేర్వేరు దారుల్లో వచ్చి చేరాయి. ముప్పయ్యయిదేళ్ళు చిట్టాలు రాసినవాడిని, పరాయి దేశంలో పాత ఆఫీసులో అడుగు పెట్టినట్టనిపించింది.

వాళ్ళు పొద్దుటి ఫలహారాన్ని కహ్వాల్తి అంటారు. కాఫీకి ముందు తినేది అని ఆ మాటకు అర్థం. అది మన ఇడ్లీ, పెసరట్టులా ఒక వంటకం కాదు. బల్లనిండా చిన్న చిన్న గిన్నెలు పెడతారు. ఆలివ్ కాయలు, రెండు మూడు రకాల జున్ను, దోసకాయ, టమాటా ముక్కలు, తేనె, ద్రాక్షరసం కాచిన పెక్మెజ్ అనే పాకం, గుడ్లు, వేడి రొట్టె. రొట్టె తుంచుకొని ఒక్కొక్కటీ నంచుకుంటూ గంటసేపు తింటారు. మా ఆవిడ మొదటి రోజు "ఇవన్నీ పచ్చివే కదండీ" అని సందేహించింది. మూడో రోజుకు తనే "ఆ జున్ను ఇటు జరపండి" అనటం మొదలుపెట్టింది. వీధిలో సిమిత్ అని నువ్వులు అద్దిన గుండ్రటి రొట్టె అమ్ముతారు. పెక్మెజ్ నీళ్ళలో ముంచి, నువ్వుల్లో దొర్లించి కాలుస్తారు. నువ్వులు, తీపిపాకం అనగానే మనకు చిమ్మిలి గుర్తు రాక మానదు.

టీ సంగతి చెప్పాలి. వాళ్ళు చాయ్ అనే అంటారు. రెండంతస్తుల కెటిల్లో కింద నీళ్ళు మరుగుతుంటాయి, పైన డికాషను ఊరుతుంటుంది. నడుము సన్నగా ఉన్న చిన్న గాజు గ్లాసులో కొంచెం డికాషను, మిగతా వేడినీళ్ళు పోసి, పక్కన పంచదార బిళ్ళలు పెట్టి ఇస్తారు. పాలు ఉండవు. పంచదార మానేస్తే షుగరువాళ్ళకు భయం లేదు. తలసరి లెక్కన ప్రపంచంలో టీ ఎక్కువ తాగే జనం వాళ్ళే. అయితే ఇది అనాదిగా వచ్చిన అలవాటు కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సామ్రాజ్యం పోయి, కాఫీ పండే యెమెన్ చేజారాక కాఫీ ప్రియమైంది. అప్పుడు ప్రభుత్వం పూనుకొని నల్లసముద్రం ఒడ్డున రీజె ప్రాంతంలో తేయాకు వేయించింది. 1924లో చట్టం, 1947లో మొదటి ఫ్యాక్టరీ. చాలామంది సంప్రదాయమనుకునే ఆ టీకి మన వయసే ఉందన్నమాట.

సంప్రదాయమంటే కాఫీది. ఇస్తాంబుల్‌లో 1550లలోనే కాఫీ హోటళ్ళు వెలిశాయి. అక్కడ చేరినవాళ్ళు రాచవ్యవహారాలు మాట్లాడుకుంటున్నారని 1633లో మురాద్ సుల్తాను కాఫీని నిషేధించాడు. నిషేధం పోయింది, కాఫీ మిగిలింది. మెత్తని పొడిని నీళ్ళతో కలిపి చిన్న పిడి గిన్నెలో పొంగించి, వడకట్టకుండా పోస్తారు. మడ్డి అడుగుకు దిగేదాకా ఆగి పైది తాగాలి. మన బాబా బుడన్ చిక్కమగళూరు కొండలకు తెచ్చిన గింజలు కూడా యెమెన్‌వేనని చెబుతారు. అంటే వాళ్ళ కాఫీకీ మన డికాషనుకూ పుట్టిల్లు ఒకటే. ఒక్క కప్పు కాఫీ ఇచ్చిన చేతిని నలభై ఏళ్ళు మరవకూడదని వాళ్ళ సామెత.

ఇప్పుడు అసలైన పానీయాలకు వద్దాం. భోజనంతోబాటు వాళ్ళు తాగేది ఐరాన్. పెరుగులో నీళ్ళు పోసి, ఉప్పు వేసి, నురుగు వచ్చేలా చిలికినది. అల్లం లేదు, కరివేపాకు లేదు, పచ్చిమిరప లేదు. చల్లగా ఇస్తారు. మేం ఇద్దరం ఒక గుక్క తాగి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మజ్జిగ! ఎక్కడి గుంటూరు, ఎక్కడి అదానా! ఇంగ్లీషువాళ్ళు పెరుగుకు వాడే యోగర్ట్ అన్న మాట కూడా టర్కీ భాషదే. మజ్జిగ దొరికే దేశంలో తెలుగువాడు ఆకలితో చావడు. ఆ ధైర్యంతోనే మిగతావి రుచి చూశాం.

అదానా ఊరి ప్రత్యేకం షల్గామ్. నల్ల క్యారెట్లు, టర్నిప్ దుంప, గోధుమరవ్వ పిండి, ఉప్పు నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన రసం. రంగు నేరేడుపండు రంగు, రుచి పులుపూ ఉప్పూ. కారం వేసినది వేరే, వేయనిది వేరే. మా చిన్నతనంలో ఇళ్ళల్లో తరవాణి కుండ ఉండేది, పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. తరవాణి తాగినవాళ్ళకు షల్గామ్ అర్థమవుతుంది. నేను రెండు గ్లాసులు తాగాను. ఉప్పు ఎక్కువని మూడోది మా ఆవిడ తాగనివ్వలేదు.

ఇస్తాంబుల్‌లో ఊరగాయ నీళ్ళను గ్లాసులో పోసి అమ్ముతారంటే మీరు నమ్మరు. తుర్షు అంటే వాళ్ళ ఊరగాయ. క్యాబేజీ, దోస, మిరప, బీట్‌రూట్ ఏదైనా ఉప్పునీళ్ళలోనో వెనిగర్‌లోనో ఊరేస్తారు. నూనె, ఆవపిండి ఉండవు. ఆ నీళ్ళే పానీయం. ఆవకాయలో తేలిన నూనెకోసం అన్నదమ్ములు పోట్లాడుకున్న జిల్లా మనది, వాళ్ళను చూసి నవ్వే అర్హత మనకు లేదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది బోజా. ఇస్తాంబుల్‌లో వెఫా అనే పేటలో 1876నుంచి నడుస్తున్న బోజా దుకాణం ఉంది. 1937లో ఆ దేశపు నాయకుడు అతాతుర్క్ అక్కడ తాగిన గ్లాసును ఇప్పటికీ గోడకు అద్దాల గూట్లో పెట్టి చూపిస్తారు. చిరుధాన్యాన్ని ఉడికించి, వడకట్టి, పంచదార కలిపి పులియబెడితే చిక్కగా, తియ్యపుల్లగా తయారవుతుంది. పైన దాల్చినచెక్క పొడి చల్లి, వేయించిన శనగలు వేసుకొని చెంచాతో తినాలి. చలికాలం రాత్రుళ్ళు వీధుల్లో కేకలు వేస్తూ అమ్మేవారట. పులిసింది కనుక పిసరంత మత్తు గుణం ఉంటుంది, మొహమాటమున్నవాళ్ళు ముందే తెలుసుకోవటం మంచిది. నాకు మాత్రం మా నాయనమ్మ పొలానికి పంపే అంబలి గుర్తొచ్చింది. మన పిల్లలు అంబలిని పేదల కూడని వదిలేశారు. వాళ్ళు దాన్ని పాలరాతి బల్లమీద పెట్టి, అద్దాల దుకాణంలో, చక్రవర్తుల కాలంనుంచీ గౌరవంగా అమ్ముకుంటున్నారు. తేడా ధాన్యంలో లేదు, చూపులో ఉంది.

శాకాహారుల సంగతికి వస్తే, మాంసం ఎక్కువ తినే దేశమే. అదానా కబాబ్ పేరు ఊరి పేరుతోనే ప్రసిద్ధి. మనం ఖీమా అనే మాట కూడా వాళ్ళ కియ్మా నుంచే వచ్చింది. అయినా మా ఆవిడ ఒక్క పూటా పస్తుండలేదు. ఆలివ్ నూనెతో వండి చల్లార్చి వడ్డించే కూరలు వాళ్ళకు ఒక ప్రత్యేక వర్గం, జెయ్‌తిన్‌యాలి అంటారు. అవి ఇంచుమించు అన్నీ శాకాహారమే. ద్రాక్షాకుల్లో బియ్యం పెట్టి చుట్టినవి, చిక్కుళ్ళు, వంకాయలు. ఎర్ర కందిపప్పు చారు ప్రతి హోటల్లో దొరుకుతుంది. నిమ్మకాయ పిండుకొని, ఎండుమిరప తునకలు చల్లుకొని తాగితే మన పప్పుచారుకు తమ్ముడు. ఒక్క జాగ్రత్త: పప్పుచారులో, గోధుమరవ్వ పులావులో మాంసం ఉడికించిన నీళ్ళు పోసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అందుకని "ఎత్సిజ్", అంటే మాంసం లేనిది, అని అడిగి, చారుకు వాడిన నీళ్ళ సంగతి కూడా కనుక్కోవాలి.

వాళ్ళ వంకాయ కూర ఒకటి ఉంది, ఇమామ్ బయిల్ది. ఇమాముగారు మూర్ఛపోయారు అని దాని అర్థం. రుచికి మూర్ఛపోయారని కొందరు, ఖర్చయిన నూనె లెక్క విని మూర్ఛపోయారని కొందరు అంటారు. వంకాయ చీల్చి ఉల్లి, వెల్లుల్లి, టమాటా కూరి ఆలివ్ నూనెలో మగ్గబెడతారు. మా ఆవిడ చూడగానే "గుత్తివంకాయ! అయితే కారం మరిచిపోయారు" అంది. వంకాయను వాళ్ళు పత్లిజాన్ అంటారు. ఆ మాట అరబ్బీ, పారసీ భాషల మీదుగా వెనక్కి వెళితే మన దేశపు పాత మాట దగ్గరికే వచ్చి చేరుతుంది. కాయ కూడా ఇటునుంచి వెళ్ళిందే. అంతెప్ ఊళ్ళో వంకాయలను తొలిచి, దారానికి గుచ్చి, దండలుగా ఎండలో వేలాడదీస్తారు. చలికాలంలో నానబెట్టి కూరతో నింపి వండుకుంటారు. మనం ఒరుగులు అంటాం. ఇంట్లో ఒరుగులు పోసుకోవటం మనం మానేసి ఎన్నాళ్ళయిందో మీరే చెప్పాలి.

ఇక మన ప్రాణం, మిరపకాయ. అదానా చుట్టూ ఉన్న చుకురోవా మైదానం పత్తికి పేరుపడ్డ భూమి. ఉర్ఫా అవతల హర్రాన్ మైదానం ఒకప్పుడు మెట్ట. యూఫ్రటీస్ నది మీద అతాతుర్క్ ఆనకట్ట కట్టి, 1990లలో కాలువలు వదిలాక అదంతా పత్తి అయింది. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక మన జిల్లాల ముఖం మారటం చూసినవాణ్ణి, నాకు ఆ కథ ఒకరు చెప్పనక్కరలేకపోయింది. రోడ్డుకు అటూ ఇటూ తెల్లగా విచ్చిన పత్తి చేలు, ట్రాక్టర్ల మీద మూటలు, ఇళ్ళ ముందు ఎర్రగా ఆరబోసిన మిరప. నరసరావుపేట దాటి వెళ్తున్నట్టే ఉంది.

ఉర్ఫా మిరపను ఇసోత్ అంటారు. బాగా పండిన కాయను చీల్చి గింజ తీసి, పగలు ఎండబెడతారు. రాత్రి పట్టాలు కప్పి చెమ్మపట్టేలా మగ్గబెడతారు. అలా కొన్నాళ్ళు చేస్తే ఎరుపు పోయి వంకాయ నలుపు వస్తుంది. దంచి ఉప్పు, కొంచెం నూనె కలుపుతారు. కారం మెల్లగా, గొంతు దాటాక తెలుస్తుంది. కొంచెం పొగ వాసన, కొంచెం ఎండుద్రాక్ష రుచి. మనం కోసిన కాయను రెండు మూడు రోజులు రాశి పోసి రంగు తిరగనిచ్చి, తరువాత కల్లంలో ఆరబెట్టి, తాలు ఏరి, టిక్కీలకు ఎత్తుతాం. పని ఒకటే, ఉద్దేశం వేరు. మనకు ఎరుపూ, ఘాటూ కావాలి. వాళ్ళకు నలుపూ, వాసనా కావాలి. ఆ పెద్దాయన నాకు చిటికెడు ఇసోత్ పెట్టి కళ్ళలో నీళ్ళు వస్తాయేమోనని ఆశగా చూశాడు. తేజ, 334 రకాల టిక్కీల మధ్య కూర్చొని రిజిస్టర్లు రాసినవాడి కళ్ళు అవి! నేను మా ఇంటి కారం చిటికెడు ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఒక లోటా ఐరాన్ తాగి, నా భుజం తట్టి, ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాడు.

ఇంతకీ ఆ మిరప వాళ్ళదీ కాదు, మనదీ కాదు. 1492లో కొలంబస్ అమెరికా చేరాక ప్రపంచానికి తెలిసిన కాయ. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన తీరానికి వచ్చింది. అంతకుముందు మనకు కారమంటే మిరియమే. ఆ మిరియం పేరునుంచే కొత్త కాయను మిరప అన్నాం. టర్కీవాళ్ళు బిబెర్ అన్నారు. ఆ మాట గ్రీకు మీదుగా వెళ్ళిన మన పిప్పలి. అమెరికా కాయకు ఇద్దరం భారతదేశపు పేర్లే పెట్టుకున్నాం! 2010లో గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషించాం. నాలుగైదు వందల ఏళ్ళ కిందట ఓడ దిగిన అతిథి ఇంటిపేరు మార్చుకొని మన వంశంలో కలిసిపోయింది. ఇంకో తమాషా వినండి. ఇంగ్లీషువాళ్ళు టర్కీ అని పిలిచే కోడిని టర్కీలో హిందీ అంటారు, అంటే ఇండియా కోడి. అదీ అమెరికాదే. కొబ్బరికాయను వాళ్ళు హిందుస్తాన్ అక్రోటు అంటారు. తెలియని రుచికి ఎవరైనా ఎదుటివాడి ఊరి పేరే పెడతారు కాబోలు.

తీపి సంగతి క్లుప్తంగా. అంతెప్ బక్లావా కాగితంలాంటి పొరల మధ్య పిస్తా పొడి పోసి కాల్చి పాకం పోసింది. మన ఆత్రేయపురం పూతరేకు పొరలు విప్పినట్టే ఉంటుంది, కాకపోతే నెయ్యి కారుతుంది. 2013లో ఐరోపా సమాఖ్య దానికి పేరు రక్షణ ఇచ్చింది. మేమిద్దరం ఒక్క ముక్కను పంచుకున్నాం. మాత్ర వేసుకొని రెండోది తినవచ్చనే వాదనను మా ఆవిడ నెగ్గనివ్వలేదు.

రుచులకన్నా నాకు నచ్చినవి రెండు మర్యాదలు. వీధిలో ముక్కూ మొహం తెలియని కుర్రాడు కూడా నన్ను అమ్జా అనీ, మా ఆవిడను తెయ్‌జే అనీ పిలిచాడు. బాబాయి, పిన్ని అని అర్థం. రెండోది, తిని లేచిన ప్రతివాడూ వండిన ఆమెతో "ఎలినిజె సాలిక్" అంటాడు. మీ చేతికి ఆరోగ్యం కలగాలి అని. ఆ పెద్దాయన నలభై ఏళ్ళుగా తన భార్యకు రోజూ ఆ మాట చెబుతున్నాడు. మన ఇళ్ళల్లో ఉప్పు తగ్గితే ఆ మాట వెంటనే అంటాం. బాగుంటే మాట్లాడకుండా తినటమే మెచ్చుకోలు అనుకుంటాం. మా ఆవిడ ఆ అలవాటును సామానుతోపాటు ఇంటికి తెచ్చింది. ఇప్పుడు నేనూ చెప్పక తప్పటం లేదు.

ఒక సాయంత్రం ఆయన నన్ను టీ దుకాణానికి తీసుకువెళ్ళాడు. అక్కడ అంతా మనలాంటివాళ్ళే. రిటైరైన మనిషిని వాళ్ళు ఎమెక్లి అంటారు. ఎమెక్ అంటే శ్రమ. ఎమెక్లి అంటే శ్రమ పడినవాడు. మనం విశ్రాంత ఉద్యోగి అంటాం. వాళ్ళ మాట పడిన కష్టాన్ని గుర్తుంచుకుంటుంది. 2018లో వాళ్ళ లీరా విలువ పడిపోయి ధరలు పెరిగాయి. పెన్షను చాలటం లేదని ఒకాయన, కాగితాలు కదలటం లేదని మరొకాయన చెబుతుంటే, దుబాసీ లేకుండానే నాకు సగం అర్థమైంది.

2023 ఫిబ్రవరి 6 తెల్లవారుజామున ఆ ప్రాంతాన్ని భూకంపం కుదిపేసింది. అదే రోజు మధ్యాహ్నం ఇంకొకటి. ఒక్క టర్కీలోనే 53 వేలమందికి పైగా పోయారు. అంతెప్, ఉర్ఫా, అదానా, మేం తిని తిరిగిన ఊళ్ళన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. మూడు రోజులు ఫోను కలవలేదు. నాలుగో రోజు ఆ అమ్మాయి జర్మనీనుంచి కబురు చెప్పింది: నాన్న, అమ్మ క్షేమం, ఇల్లు బీటలు వారింది, కారులో పడుకుంటున్నారు అని. మన ప్రభుత్వం "ఆపరేషన్ దోస్త్" అని సహాయ దళాలనూ, సైన్యం ఆసుపత్రినీ పంపింది. దోస్త్ అన్న మాట వాళ్ళదీ, మనదీ. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత నేను రేపల్లె వైపు సహాయం డ్యూటీ చేశాను. ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో వండి పంపిన పులిహోర పొట్లాలు పంచాం. ఆ పొట్లం అందుకున్న చేతులు ఏ ఊరిదని అడగలేదు. ఆ వేసవిలో అదానానుంచి మాకు ఒక ఫొటో వచ్చింది. రేకుల షెడ్డు ముందు దారానికి గుచ్చిన వంకాయ దండలు. ఇల్లు లేకపోయినా ఒరుగులు కట్టింది ఆ తల్లి. ఆ ఫొటో చూసి మా ఆవిడ ఆ ఏడు మళ్ళీ డాబామీద వంకాయ ఒరుగులు పోసింది.

చివరగా, ప్రయాణం ఎక్కడికైనా సరే, మన వయసువాళ్ళకు నాలుగు మాటలు. మందులు, చీటీ చేతిసంచిలోనే ఉంచుకోండి. ఐరాన్, ఊరగాయల్లో ఉప్పు ఎక్కువ, బి.పి.వాళ్ళు లెక్క చూసుకోండి. కొత్త వంటకం పగటిపూట, కొద్దిగా తినండి. రాత్రి తేలికగా ముగించండి. ఊరగాయ సీసా ఒకటి తీసుకువెళ్ళండి, పదొద్దు. ఆ ఒకటీ మీకోసం కాదు, మీకు అన్నం పెట్టేవాళ్ళకు రుచి చూపించటానికి. ముద్ద నోట్లో పెట్టుకోగానే మనదానితో పోల్చకండి, ముందు దాని పేరు అడగండి. పేరు తెలిస్తే అది ఎక్కడో మన చుట్టమేనని తేలుతుంది.

వెనక పందిట్లో తాలింపు వాసన వస్తోంది, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. పొద్దున నాలుగు గంటలనుంచి మనకోసం వండుతున్న ఆ తల్లులకు తిని లేచాక ఒక్క మాట చెప్పి వెళ్దాం. టర్కీ భాష అక్కరలేదు, తెలుగులోనే చెప్పవచ్చు.